మూడోసారి గెలిచిన ఇంగ్లాండాయన

హనుమకొండలో ముప్పై ఏళ్ల పైచిలుకు డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పాను. డిమాండు గీతలూ సప్లై గీతలూ వాళ్లకు ఎంత గుర్తున్నాయో నాకు అనుమానమే గానీ, ఇంగ్లాండాయన కథ మాత్రం అందరికీ గుర్తుంది. బస్టాండులోనో ఏ పెళ్లిలోనో కనిపించిన పాత విద్యార్థులు నమస్తే పెట్టి, "సార్, మన ఇంగ్లాండాయన ఎట్లున్నడు?" అని అడుగుతారు. వెనకాల నాకు "లండన్ సారు" అనే పేరుందని రిటైరైన రోజు సన్మానంలో తెలిసింది. నేను విమానం ఎక్కిన పాపాన పోలేదు. హైదరాబాద్ దాటి వెళ్లింది కూడా తక్కువే.

ఇంగ్లాండాయన అంటే బ్రిటన్ పార్లమెంటులో ఒక సభ్యుడు. పేరు రాయను. రాసినా మన దగ్గర పోల్చుకునేవాళ్లు ఉండరు. ప్రధానమంత్రి అయినవాడు కాదు, పేపర్లో మొదటి పేజీకి ఎక్కినవాడూ కాదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా కాలేజీ లైబ్రరీకి ఒక ఇంగ్లిషు వారపత్రిక వచ్చేది, ఎప్పుడూ నెలా రెండు నెలలు ఆలస్యంగా. అందులో ఆయన గురించి చిన్న వ్యాసం చదివాను. ఎకనామిక్స్ చదివాడు, కొంతకాలం ఆఫీసులో కూర్చుని ధరల లెక్కలు చూసే ఉద్యోగం చేశాడు, అది వదిలేసి ఎన్నికల్లో నిలబడ్డాడు. నా సబ్జెక్టు చదివినవాడు ఓట్లడగడానికి వీధుల్లోకి వెళ్లడం నాకు తెగ నచ్చింది. మాలో ఎవరం వెళ్లాం గనక? ఇంక్రిమెంట్లు, పేపర్లు దిద్దడం, స్టాఫ్ రూములో ప్రభుత్వాన్ని తిట్టడం, అంతే.

మొదటి ఎన్నికప్పుడు ప్రచార సభలో ఎవరో లేచి, పన్నులు తగ్గిస్తావా అని అడిగారట. తగ్గించను, తగ్గిస్తే మీ ఊరి దవాఖాన నడవదు అన్నాడట. ఓడిపోయాడు. రెండోసారి అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఫలితం. మూడోసారి గెలిచాడు. కొన్నేళ్లకు ఆర్థిక శాఖలో చిన్న మంత్రి అయ్యాడు. బీదవాళ్లకు ఇచ్చేది కోసేస్తున్నారని ఒక బడ్జెట్టు మీద అలిగి బయటికొచ్చాడు. చాలా ఏళ్లు వెనక బెంచీలో కూర్చున్నాక పార్టీయే మళ్లీ పిలిచి పెద్ద పదవి ఇచ్చింది. ఇదంతా నాకు ఒక్కసారిగా తెలిసింది కాదు. ఆయన పేరు ఎక్కడ కనిపించినా కత్తిరించి ఒక అట్ట ఫైల్లో పెట్టుకున్నాను. లైబ్రరీ పత్రికలకు కత్తెర పెట్టడం తప్పే. లైబ్రేరియన్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఫోన్లు వచ్చాక ఆయన పార్లమెంటులో మాట్లాడేవి కూడా వినడం మొదలుపెట్టాను. మా ఆవిడ టీ తెచ్చి పెడుతూ, "మీ మేనమామ ఏమంటున్నాడు ఇవాళ?" అనేది.

పబ్లిక్ ఫైనాన్స్ పాఠం మొదలయ్యే రోజు ఏటా ఈ కథ చెప్పేవాణ్ని. బోర్డు మీద మూడు మెట్లు గీసేవాణ్ని. "మొదటిసారి?" అని అరిస్తే క్లాసంతా "ఓడిండు సార్!" అనాలి. "రెండోసారి?" "ఓడిండు సార్!" "మూడోసారి?" అప్పుడు బెంచీలు చరిచి "గెలిచిండు సార్!" అని అరిచేవాళ్లు. పక్క గదిలో కామర్స్ ఆయన తలుపు దగ్గరికొచ్చి గుడ్లురిమి వెళ్లేవాడు. చివర నోట్సులో ఒక వాక్యం రాయించేవాణ్ని: నిజం చెప్పి ఓడినవాళ్లకు మళ్లీ అవకాశం వస్తుంది. దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీయించేవాణ్ని. ఆ గీత మీద నాకు ఇప్పుడు ఎంత కోపమో చెప్పలేను.

ఆ గీత గీసిన పిల్లల్లో ఒకమ్మాయి వర్ధన్నపేట వైపు నుంచి బస్సులో వచ్చేది. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. అరవమంటే అరిచేది కాదు, పెదాలు మాత్రం కదిలించేది. ఒకసారి లేచి నిలబడి, "సార్, పుస్తకంల మార్కెట్టు అంటే అందరికి అన్నీ తెలుసు అని రాసిన్రు. మా నాయినకు పత్తి రేటు అమ్మినంకనే తెలుస్తది సార్" అంది. దానికి నేను ఏదో జోకు వేసి కూర్చోబెట్టాను గానీ ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పి సంబరపడ్డాను. తర్వాత ఎంఏ చేసింది. పెళ్లయి, వర్ధన్నపేటకు లోపలగా ఉన్న ఒక ఊరికి కోడలై వెళ్లింది. అక్కణ్నుంచే రోజూ హనుమకొండకు వచ్చి ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. భర్త వ్యాను నడుపుతాడు, నెలలో సగం రోజులు దారి మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది ఈమె, అత్త.

సర్పంచ్ ఎన్నికల ముందు ఒక ఆదివారం ఫోన్ చేసింది.

"సార్, మా ఊరు ఎస్సీ మహిళకు వచ్చింది. కాలనోళ్లంతా నన్నే నిలబడుమంటాన్రు. ఏం జెయ్యాలె సార్?"

"ఏం జేసుడేంది బిడ్డా? నిలబడు" అన్నాను. అరిచినంత పని చేశాను. ముప్పై ఏళ్లు బోర్డు మీద గీసిన మెట్లు ఒక్కసారి నిజమైనట్టు అనిపించింది. మర్నాడు పొద్దున ధర్మసాగర్ నల్లా నీళ్లు వచ్చే వేళకు కూడా ఆగకుండా, డ్రమ్ములు నింపే పని మా ఆవిడ మీద పడేసి, ఖమ్మం రోడ్డు బస్సెక్కాను.

ఆ ఇంటి వాకిట్లో అత్త పత్తి సంచుల పక్కన కూర్చుని బీడీ కాలుస్తోంది. నా వయసుదే. నన్ను చూసి బీడీ ఆర్పేసి లేవబోతే కూర్చోమన్నాను. నేను కుర్చీలో కుదురుకునేలోపే ఆమె అసలు సంగతి చెప్పేసింది.

"సారూ, నా కోడలు సర్పంచి గావాలె. ఎందుకో ఎరుకనా? నేను సచ్చేలోపు బొందలగడ్డకు బాట పడాలె. గంతే."

బొందలగడ్డ అంటే ఆ ఎస్సీ కాలనీవాళ్ల శ్మశానం. ఊరికి తూర్పున వాగు ఒడ్డున ఉంది. అక్కడికి ఒకప్పుడు బండ్ల బాట ఉండేది. రెండు పక్కల పొలాలవాళ్లూ ఏటా ఒక్కో నాగలి చాలు చొప్పున లోపలికి జరుపుకుంటూ పోతే, చివరికి మనిషి ఒక్కడు పట్టే పొలం గట్టు, వాళ్ల మాటలో ఒడ్డు, మిగిలింది. అప్పటికి అయిదేళ్ల కింద అత్త భర్త వానాకాలంలో పోయాడు. పాడె మోసేవాళ్లు ఒడ్డు మీద పట్టక నాటేసిన మడిలోకి దిగారు. పొలం ఆసామి పరుగెత్తుకొచ్చి నారు తొక్కారని బూతులందుకున్నాడు. ఆయన నోరు మూతపడేదాకా పాడెను నీళ్లల్లో దించి పెట్టాల్సి వచ్చింది.

"సగం వీపు తడిసింది మా ముసలాయనకు. సచ్చినోన్ని గూడ తిట్టిండు సారూ. నన్ను గట్ల దించొద్దు" అంది. ఆ మాట అంటూ పత్తిలో ఎండుటాకు ఏరి పారేసింది.

కోడలు అప్పటికే సగం పని చేసి పెట్టుకుంది. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి ఊరి పాత నక్షా నకలు తెచ్చింది. దాంట్లో బాట స్పష్టంగా ఉంది. గ్రామసభలో తీర్మానం పెట్టి సర్వేయరును పిలిస్తే హద్దురాళ్లు పాతాల్సిందే. సర్పంచ్ గట్టిగా కూర్చుంటే అయ్యే పని, కూర్చోకపోతే ఎప్పటికీ కాని పని. నక్షా మీద వేలు పెట్టి ఆమె చెబుతుంటే, నా దగ్గర చదివిన పిల్ల అని పొంగిపోయాను.

పోటీలో ఇంకొకామె ఉంది. ఆమెదీ అదే కాలనీ. ఆమె తరఫున తిరిగేదీ మాట్లాడేదీ భర్త. ఆ భర్త వెనక ఉన్నది బాట పక్క పొలం ఆసామి. వాళ్లు అప్పటికే బాండ్ పేపర్ దించేశారు. మా జిల్లాలో ఇప్పుడు అదో రివాజు. సర్పంచికి నిలబడ్డవాళ్లు హామీలన్నీ బాండ్ పేపర్ మీద రాయించి, సంతకం పెట్టి, ఇంటింటికీ చూపిస్తారు. చేయకపోతే రాజీనామా చేస్తామని కూడా రాస్తారు. కోర్టులో దానికి విలువ ఉందా లేదా ఎవరూ అడగరు. పొలం అమ్మకానికీ ఇంటి కిరాయికీ వాడే కాగితం గనక దాని మీద రాసింది నిజమని జనం నమ్మకం. వాళ్ల బాండులో ఆడపిల్ల పుడితే కానుక, ఊరంతా సీసీ కెమెరాలు, ఇల్లు లేనివాళ్లందరికీ ఇళ్లు, అన్నింటికంటే పైన, గెలిచిన నెలలోపు ఊళ్లో ఒక్క కోతి లేకుండా చేయడం. కోతులు పెంకులు పీకి, వండిన కుండ ఎత్తుకుపోయే ఊరది. ఆ ఒక్క హామీకే సగం ఊరు పడిపోయేలా ఉంది.

"మనం గూడ రాద్దాం సారూ, కోతుల సంగతి" అంది అత్త.

"ఎట్ల వెళ్లగొడ్తవక్కా? నెలలో ఎవరి వల్లనైతది?"

"వెళ్లగొట్టుడు తర్వాత ముచ్చట. రాస్తే నీ చెయ్యేమన్న పోతదా?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎక్కువ. జీవితమంతా నేను చెప్పినదానికి ఎదురుగా బీడీ చేతిలో పట్టుకుని కూర్చుంది ఆ మనిషి. నేను కొత్త బాండ్ పేపర్ తెప్పించి, కళ్లజోడు తుడుచుకుని, నా చేత్తోనే రాశాను. పైన చేసేవి రాశాను: బొందలగడ్డ బాటకు మొదటి గ్రామసభలోనే తీర్మానం, మురుగు మోరీలు వారం వారం తీయించడం, కాలనీలో వీధి దీపాలు. అక్కడితో ఆపితే సరిపోయేది. నా దురద ఆగలేదు. కింద గీత కొట్టి, ఇంకో శీర్షిక పెట్టాను: సర్పంచ్ చేయలేనివి, కనుక నేను మాట ఇవ్వనివి. దాని కింద కోతులు, ఇళ్లు, పింఛన్లు, కెమెరాలు ఒక్కొక్కటే రాశాను. నా దస్తూరి బాగుంటుంది. ఆ రోజు ఇంకా బాగా కుదిరింది.

ఆమె చదివింది. రెండోసారి చదివింది. "సార్, కింది సగం అవసరమా?" అని మెల్లగా అడిగింది.

అప్పుడు నేను చేసింది ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. జవాబు చెప్పలేదు. క్లాసులోలాగా వేలెత్తి, "మొదటిసారి?" అన్నాను.

ఆమె సిగ్గుపడుతూ నవ్వింది. "ఓడిండు సార్."

"రెండోసారి?"

"ఓడిండు సార్."

"మూడోసారి?"

"గెలిచిండు సార్" అని పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, తను కాలేజీలో నలుగురికి పాఠం చెప్పేది, నా వేలు చూసి సంతకం పెట్టింది.

అత్తకు ఇంగ్లాండాయన ఎవరో తెలియదు. కోడలు రెండు ముక్కల్లో చెప్పింది. ముసలామె విని, "గాయనకు మూడుసార్లు అచ్చింది సారూ. మాకు మల్ల ఎప్పుడస్తది?" అంది.

"ఓపిక పట్టాలె అక్కా" అన్నాను నేను. వినయంగా కూడా అన్నాను.

రెండు రోజుల్లో ఆ బాండ్ పేపర్ వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది, కింది సగం మాత్రమే. పై సగం ఫోటోలో లేదు. ఆటోకు మైకు కట్టి, "ఇళ్లు ఇయ్యను, పింఛన్లు ఇయ్యను, కోతులను ముట్టను అని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన అక్కకు వేస్తరా ఓటు?" అని తిప్పారు. నేను పూర్తి కాగితం పట్టుకుని వాడవాడకూ వెళ్లాను. పెద్దమనిషి వచ్చాడని కుర్చీ వేశారు, చాయ్ పోశారు. చదవబోతే, "గంత పెద్దగ ఎందుకు సార్, ఇస్తరా ఇయ్యరా చెప్పున్రి" అన్నారు. సర్పంచ్ ఏది ఎందుకు ఇవ్వలేరో వివరించాను. బడ్జెట్టు, అధికారాలు, పంచాయతీ చట్టం. ఒకాయన కునికిపాట్లు పడ్డాడు.

పోలింగ్ మధ్యాహ్నానికి అయిపోయింది. బడిలోనే లెక్కింపు. నేను ఎదురుగా హోటల్లో కూర్చున్నాను. సాయంత్రం కాకముందే పటాకుల చప్పుడు వినిపించింది, వేరేవాళ్ల వీధిలో. చాలా తక్కువ తేడాతో పోయింది. కాలనీలోనే కొందరు అటు వేశారు. ఆమె గేటు బయటికి వచ్చి నన్ను వెతుక్కుంటూ హోటల్ దాకా నడిచి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"ఫికర్ చెయ్యకున్రి సార్. మొదటిసారే గదా" అంది. నన్ను ఓదార్చింది, నా మాటలతోనే.

ఆ మాట నాకు ధైర్యమిచ్చింది, చూడండి నా తెలివి. ఇంటికొచ్చి మా ఆవిడకు ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాను, ఈ అయిదేళ్లు ఆమె ఏమేం చేయాలి, వచ్చేసారి ఎట్లా నిలబడాలి అని. మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఎన్నికల డ్యూటీలు నాకంటే ఎక్కువే చేసింది.

"వచ్చేసారి ఆ ఊరు ఎవరికొస్తది?" అని అడిగింది.

రిజర్వేషన్ తిరుగుతుంది. ఈసారి ఎస్సీ మహిళకు వచ్చింది వచ్చేసారి ఇంకెవరికో పోతుంది. మళ్లీ ఈ ఊరి వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. జనరల్ సీటులో ఎవరైనా నిలబడొచ్చని చట్టంలో ఉంది. పొలాల మీద పెత్తనం ఉన్నవాళ్లకు ఎదురుగా, వాళ్ల పొలంలో కూలికి పోయే ఇంటి కోడలు నిలబడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎకనామిక్స్ అక్కర్లేదు. పోనీ పక్క ఊళ్లో నిలబడదామంటే అక్కడ ఆమెకు ఓటే లేదు. ముసలామె అడిగింది ఇదే. చదువుకోని మనిషి ముందే అడిగింది. నేను ఓపిక పట్టమన్నాను.

లోపలికెళ్లి అట్ట ఫైలు తీశాను. ఇంగ్లాండాయన రెండుసార్లు ఓడి మూడోసారి ఎట్లా గెలిచాడో ఒకసారి సరిగ్గా చూద్దామనిపించింది. ఆయన గెలిచినప్పటి కాగితం పసుపు పచ్చగా మారింది, మడత దగ్గర చిరుగుతోంది. మడత విప్పితే ఒక పేరా కనిపించింది. రెండో ఓటమి తర్వాత పార్టీ పెద్దలు ఆయన్ని ఆ ఊరు నుంచి తీసి, ఎప్పుడూ తమ పార్టీయే గెలిచే ఇంకో ఊళ్లో నిలబెట్టారు. ఆ ఊరివాళ్లు పార్టీని చూసి ఓటేశారు. పన్నుల మీద ఆయన్ని అడిగినవాళ్లే లేరు. పేరా చుట్టూ పెన్సిల్ గీత ఉంది. పక్కన నా దస్తూరితోనే "క్లాసుకు అక్కర్లేదు" అని రాసి ఉంది.

ఎప్పుడు రాశానో గుర్తు లేదు. ఎందుకు రాశానో గుర్తుంది. ఆ ముక్క చెబితే పిల్లలు బెంచీలు చరవరు. మూడో మెట్టు వేరే గోడ మీద గీయాల్సి వస్తుంది. కథ బాగుండాలని తీసేశాను, అంతే. అబద్ధం చెప్పలేదు గదా అనుకుని ఉంటాను. బాండ్ పేపర్ కింది సగం మాత్రం ఫోటో తీసినవాళ్ల మీద నేను అంత మండిపడ్డాను గానీ, నేను ముప్పై ఏళ్లు చేసింది కూడా అదే పని.

మర్నాడే ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. వారం ఆగుదామనుకున్నాను, అది నెలైంది. ఆమే అప్పుడప్పుడు ఫోన్ చేసేది. కొత్త సర్పంచ్ భర్త బాట మాట ఎత్తడం లేదని, గ్రామసభలో తను లేచి అడిగితే మైకు తీసేశారని చెప్పేది. ఒకసారి, "వచ్చేసారి జనరల్ అయినా నిలబడ్త సార్. ఇంగ్లాండాయన నిలబడలేదా, వాళ్ల ఊరోళ్లు రెండుసార్లు కాదన్నంక గూడ?" అంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేను "ఊఁ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా "ఊఁ" అన్నాను. గురువు అనే మాట తీయనిది. పోగొట్టుకోవడానికి నాకు మనసు రాలేదు.

మొన్న వానాకాలం నడుమ ముసలామె పోయింది. మూడు రోజుల జ్వరం, వరంగల్ దవాఖానకు తెచ్చేలోపే అయిపోయింది. కబురు తెలిసి పొద్దున బస్సుకు వెళ్లాను. ముసురు పట్టి ఉంది. నాట్లు పడ్డాయి. ఊళ్లో కోతులు ఎప్పటిలాగే పెంకుల మీద తిరుగుతున్నాయి.

పాడె లేపేముందు కాలనీ పెద్దలు మాట్లాడుకున్నారు. ఒడ్డు మీదుగా పోతే మళ్లీ గొడవ. అందుకని వాగులోంచి చుట్టు తిరిగి పోవాలన్నారు. మోకాళ్ల దాకా నీళ్లు, అడుగున బురద. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వెనక నడిచాను. మోసేవాళ్ల కాళ్లు దిగబడ్డప్పుడల్లా పాడె ఒక పక్కకు ఒరుగుతుంటే కొడుకు రెండో చెయ్యి కింద పెట్టి ఎత్తి పట్టాడు. ఒకచోట ఇక నడవలేక ఆగారు. దించొద్దు, దించొద్దు అని కోడలు అరిచింది. దించలేదు. భుజాలు మార్చుకుంటూ అట్లాగే మోసుకుపోయారు. వర్షం మాత్రం ఆగలేదు. ముసలామె వీపు కాదు, మొత్తం తడిసింది.

అన్నీ అయ్యాక మగవాళ్లు వాగులో కాళ్లు కడుక్కుంటున్నారు. కోడలు ఒక రాయి మీద కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను.

"సార్, ఒక్క ముచ్చట అడుగుత. ఇంగ్లాండాయనను రెండుసార్లు ఓడగొట్టినోళ్లే మూడోసారి ఓటేసిన్రు గదా. వాళ్ల మనసు ఎట్ల మారింది సార్? ఏం జెప్పిండు వాళ్లకు?"

క్లాసులో ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంకొకసారి "ఊఁ" అనడానికి ఆ చోటు కాదు.

"మారలేదు బిడ్డా" అన్నాను. "వాళ్లు ఓటెయ్యనే లేదు. పార్టీ ఆయనను వేరే ఊర్ల నిలబెట్టింది. ఓడిపోని ఊరు. అక్కడ గెలిచిండు."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండేది.

"మీకు ఎప్పటిసంది ఎరుక సార్?"

"మొదటిసంది."

ఆమె వాగు వైపు తిరిగింది. "నోట్సుల రాపియ్యలే గదా సార్" అంది. పరీక్షలో చదవని ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు అనేట్టే అంది, నెమ్మదిగా. నేను క్షమించమన్నాను. ఆమెకు వినబడిందో లేదో.

తిరిగి వచ్చేటప్పుడు నీళ్లు ఇంకా పెరిగాయి. నా వయసుకు ఆ బురద దాటడం కష్టమైంది. ఒకచోట తూలి పడబోతే ఆమె వెనక్కి వచ్చి నా చేతిలోని చెప్పులు తీసుకుంది. తర్వాత రోడ్డు దాకా ముందు నడిచింది. అడుగు వేసి, గట్టిగా ఉందో లేదో చూసి, వెనక్కి తిరిగి నా కోసం ఆగేది.

"ఈడ పెట్టకున్రి సార్, దిగబడ్తరు. నేను పెట్టినకాడ పెట్టున్రి" అంది.

ఆమె పెట్టిన చోటే అడుగు పెడుతూ వచ్చాను.